తద్దినం నాటి పీచ్ పండ్లు

సోన్‌హ్వా తన తల్లి ఏడాది తద్దినం ఎంత బాగా జరిగిందో మూడు పేజీల్లో రాసి పంపేసింది. తద్దినం జరగడానికి ఇంకా వారం ఉంది.

ఆమె పనే అలాంటిది. సోల్‌లో విదేశీయుల కోసం వచ్చే ఒక ఇంగ్లీషు మాసపత్రికలో ఏళ్ళ తరబడి కొరియా వాళ్ళ సంగతులు రాస్తోంది. పరిచయం కాగానే వయసెందుకు అడుగుతాం, బాలింతకి సముద్రపు నాచు పులుసే ఎందుకు పెడతాం, చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళ మీద ఉప్పెందుకు చల్లుతాం, ఇలాంటివన్నీ ఆవిడ చెప్పాల్సిందే. వాక్యాన్ని ‘కొరియన్లు’ అని మొదలుపెడితే చాలు, మిగతాది వేళ్ళే రాసుకుపోతాయి. సంచికకి గడువు ముంచుకొచ్చింది, తద్దినమేమో గడువు దాటాక వచ్చింది. తద్దినాలు ఆమె ఎరగనివా? ఎలా జరుగుతుందో తెలుసు గనక జరిగినట్టే రాసేసింది.

అందులో ఒకచోట ఇలా ఉంది: ‘తలుపు తెరిచి పెట్టాం. చల్లగాలి ఒకటి లోపలికి వచ్చింది. అమ్మ వచ్చిందని నాకు తెలిసింది.’

పత్రిక సంపాదకుడు హెన్రిక్ డెన్మార్క్ మనిషి, మనసు మెత్తన. చదువుతూ ఏడ్చేశానని రాశాడు. మంచిదే, ఎవరో ఒకరు ఏడ్చారు అనుకుంది సోన్‌హ్వా.

ఎందుకంటే ఆమె ఏడవలేదు. పోయినేడు ఆగస్టులో తల్లి పోయినప్పుడు మూడు రోజులూ నల్లబట్టల్లో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ వంగి దండం పెట్టింది. హెన్రిక్ కూడా వచ్చాడు. ఎన్నిసార్లు వంగాలో తెలియక తికమక పడుతుంటే, తల్లి ఫోటో ముందే నిలబడి అతనికి విడమరిచి చెప్పింది. “పోయినవాళ్ళకి రెండుసార్లు, ఉన్నవాళ్ళకి ఒకసారి.” చెప్పేశాక తన గొంతు తనకే వింతగా వినిపించింది. రైలు వేళలు చెప్పే గొంతు అది. అప్పుడు రాని ఏడుపు ఆ తర్వాతా రాలేదు. పళ్ళ డాక్టరు సూదిమందు వేసిన చెంపలా ఉంది లోపలంతా. తాకితే తాకినట్టు తెలుస్తుంది, అది తన చెంపేనని మాత్రం తెలియదు.

అందుకే ఈ ఏడాది తద్దినం మీద ఆశ పెట్టుకుంది. తల్లి పోయిన కబురు అందరికీ చేరింది, ఒక్క తనకే చేరలేదు. ఆ సాయంత్రమైనా చేరాలి. ఆ రోజు కూడా ఏమీ అనిపించకపోతే ఇక ఎప్పటికీ అనిపించదేమోనని భయం. ఆ భయం కూడా పక్కింట్లో మోగుతున్న ఫోనులా ఎక్కడో దూరంగానే ఉంది.

ఆ రోజు పొద్దెక్కాక సోల్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి సొంతూరు తేజోన్‌లో దిగింది. ఎండ మండిపోతోంది. స్టేషన్ ఎదుటి బజారులో తద్దినానికి కావలసిన పండ్లు కొంది. బేరిపండ్లు, ఆపిల్స్, ఎండు రేగుపండ్లు, చెస్ట్‌నట్ గింజలు. బేరం చేసింది, సంచీ సర్దుకుంది, నడవబోయింది.

“పీచ్‌లు వద్దా? ఇవాళే దిగాయి” అంది పండ్లావిడ.

“ఇవ్వండి.”

“మెత్తవా, గట్టివా?”

“మెత్తవే. మా అమ్మకి గట్టివి పడవు.”

పండ్లావిడ ఒక్కొక్కటీ నొక్కి చూసి, తెల్ల పీచ్‌లు సంచీలో వేసింది. సోన్‌హ్వా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక ఒళ్ళోంచి గుప్పుమని వాసన వచ్చింది. అప్పుడు కిందికి చూసింది.

తద్దినం నాడు పీచ్ పండు! చిన్నపిల్లనడిగినా చెబుతుంది. పీచ్ వాసన తగిలితే పోయినవాళ్ళు గుమ్మం దాటి రాలేరు, వచ్చిన దారినే పోతారు. దీని మీద సోన్‌హ్వాయే ఒక వ్యాసం రాసింది. ‘తద్దినం బల్ల మీద పెట్టకూడనివి’ అన్న ఆ వ్యాసాన్ని చదివినంతమంది ఆమె రాసిన ఇంకే వ్యాసాన్నీ చదవలేదు. అందులో మొదటి పేరు పీచ్‌దే.

చేతికి అలవాటైపోయింది, అంతే. ప్రతి ఆగస్టులోనూ ఇదే బజారులో ఇవే పండ్లు కొని ఇదే బస్సు ఎక్కేది. పీచ్‌లు మామూలు రోజుల్లో కూడా ఆ ఇంటి గుమ్మం తొక్కేవి కావు. వాటి నూగు తగిలితే చాలు, సోన్‌హ్వా తండ్రికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. అందుకని తల్లీకూతుళ్ళు “చెత్త పారేసొస్తాం” అని చెప్పి కిందికి దిగి, చెత్త డబ్బాల పక్కనున్న బెంచీ మీద కూర్చుని తినేవాళ్ళు. తల్లి రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, చెప్పుల మీద రసం పడకుండా ముందుకు వంగి, కళ్ళు మూసుకుని తినేది. “ఈ ఇంట్లో ఇంతమంది పోయిన పెద్దల్ని పిలిచి ఇన్నేళ్ళు వండిపెట్టానా, ఒక్కళ్ళూ పీచ్ రుచి ఎరగరు పాపం” అనేది. అని, టెంక కూడా చప్పరించేది.

బస్సు దిగాక ఆ సంచీని పారేద్దామనుకుంది. వీధిలో ఎక్కడా చెత్తబుట్ట కనిపించలేదు. అందుకే పారేయలేదని తనకి తాను చెప్పుకుంది.

వాళ్ళది పాత కట్టడంలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తియ్యగానే నూనె సెగ మొహాన కొట్టింది. పెద్దమ్మ నేల మీద కూర్చుని పెనం మీద గుమ్మడికాయ అట్లు తిప్పుతోంది.

“వచ్చావా రచయిత్రమ్మా! అట్లు పోసీ పోసీ నా నడుం విరిగింది. కొరియా అట్లు ఎలా పోస్తారో దేశదేశాలవాళ్ళకి రాస్తావట కదా? ఇదిగో అట్లకాడ, మాకూ ఒకటి పోసి చూపించు.”

“చేతులు కడుక్కుని వస్తా పెద్దమ్మా” అంటూ సోన్‌హ్వా వెనక వరండాలోకి వెళ్ళి, పీచ్‌ల సంచీని బట్టలుతికే యంత్రం వెనక దాచింది.

హాల్లో పెదనాన్న బల్ల సర్దిస్తున్నాడు. సర్దేది ఆయన కొడుకు జేహున్. తమ్ముడి భార్యకి బావగారు దండం పెట్టకూడదు గనక ఆ పూట పెదనాన్నకి వంగే పని లేదు, నోటికే పని.

“చేప తల తూర్పుకి! ఎన్నిసార్లు చెప్పాలి?”

“తూర్పెటు నాన్నా? నా ఫోన్లో ఫ్రిజ్ వైపు చూపిస్తోంది” అన్నాడు జేహున్.

“నీ ఫోను మొహం. పోయినవాళ్ళు కూర్చున్న వైపు ఉత్తరం. దాన్నిబట్టి మిగతా దిక్కులు. ఇంట్లో తూర్పు వేరు, తద్దినంలో తూర్పు వేరు. ఏమ్మా సోన్‌హ్వా, అంతేనా?”

“అంతే పెదనాన్నా.”

“చూశావా? చదువుకున్న పిల్ల.”

తండ్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళకి పైగా ఊళ్ళో సిటీ బస్సు నడిపి మానేసిన మనిషి. ఇస్త్రీ సూటు వేసుకుని, ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ, ఇంకా స్టీరింగు ముందే ఉన్నట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. కూతుర్ని చూసి, “తిన్నావా?” అన్నాడు. “ఊఁ” అంది. ఏడాదిగా తండ్రీకూతుళ్ళ మాటలు ఇంతకు మించి సాగలేదు.

అన్నం, పులుసు, చేప, మూడు రంగుల కూరలు బల్ల మీదికి చేరాయి. కారం లేదు, వెల్లుల్లి లేదు. వెనక వరసలో తల్లి ఫోటో పెట్టారు. పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఫోటో అది. ఆ పాస్‌పోర్టు మీద ఎక్కడికీ వెళ్ళలేదు. సోన్‌హ్వా ఫోటో కేసి చూసింది. బొద్దుగా, కాస్త చిరాగ్గా, ఫోటో తీసేవాడు తొందరగా కానిస్తే బాగుండునన్నట్టు ఉంది తల్లి. ఇప్పుడేమన్నా అనిపిస్తుందా అని ఆగి చూసుకుంది. ఏమీ అనిపించలేదు. ఫోటో వంకరగా ఉందని మాత్రం అనిపించింది. సరిచేసింది.

పూర్వం తద్దినం అర్ధరాత్రి పెట్టేవాళ్ళు. జేహున్ మళ్ళీ కారు నడుపుకుంటూ వెళ్ళాలని పొద్దు వాలకముందే మొదలుపెడుతున్నారు. దానిమీద పెదనాన్న ఇంకా గొణుగుతుండగానే, వెనక వరండాలోకి నూనెడబ్బా కోసం వెళ్ళిన పెద్దమ్మ అక్కడే ఆగిపోయి ముక్కు ఎగబీల్చింది.

“పీచ్ వాసన!”

పెద్దమ్మ సంచీని రెండు వేళ్ళతో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఎవరు తెచ్చారు?” అన్నాడు పెదనాన్న. “ఈ ఇంట్లోకి? ఇవాళా?”

“నేనే పెదనాన్నా. పొరపాటున.”

“పొరపాటా! లోకానికంతా పాఠాలు చెప్పేది నువ్వేనా? నీ కన్నతల్లి ఏడాది తర్వాత మొదటిసారి ఇంటికొస్తుంటే గుమ్మంలో తలుపేసి గెడ పెడతావా? దయ్యాలన్నీ పీచ్‌ని చూసి పారిపోతాయి, తెలీదూ?”

“మా తోడికోడల్ని దయ్యమంటారేమిటి, నోరు కడుక్కోండి” అని మండిపడింది పెద్దమ్మ. పీచ్‌ల సంచీని మాత్రం ఒంటికి దూరంగానే పట్టుకుంది.

“అమ్మకి ఇవంటేనే ఇష్టం” అంది సోన్‌హ్వా. ఎదురు చెప్పాలని అనలేదు. వ్యాసంలో ఒక సమాచారం చేర్చినట్టు అంది.

“ఇష్టమైతే? ఇష్టాలన్నీ చూసుకుంటూ పోతే తద్దినమవుతుందా, తిరునాళ్ళవుతుంది.”

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన పండ్లని ముట్టుకోకుండానే మణికట్టు గోక్కుంటున్నాడు.

“కిందికి తీసుకెళ్ళు సోన్‌హ్వా” అన్నాడు.

మామూలు మనిషికైతే ఆ మాట గుచ్చుకునేది. ఆమెకి గుచ్చుకోలేదు. గుచ్చుకోవలసిన చోటేదో తెలిసింది, అంతే. సంచీ తీసుకుంది.

“పారేసి, చేతులు బాగా తోముకుని రా! నువ్వొచ్చేదాకా ఆగం, వేళ మించిపోతోంది” అని వెనకనుంచి కేకేశాడు పెదనాన్న.

కింద చెత్త డబ్బాల ముందు నిలబడి మూత ఎత్తింది. మళ్ళీ దించింది. ఆమెకి దయ్యాల మీద నమ్మకం లేదు. ‘ఈనాటి కొరియన్లు వీటిని నమ్మరు, అయినా పాటిస్తారు’ అని ఎన్నోసార్లు రాసింది. ఇప్పుడు ఆ వాక్యం ఆమెని ఎటూ కదలనివ్వలేదు. పండ్లు పైకి తీసుకెళితే అమ్మ రాలేదు. పారేస్తే, అమ్మ వచ్చినా ఇన్నేళ్ళూ తను ఒంటిచేత్తో వండిపోసిన ఆ చేపా ఆ పులుసే తినిపోవాలి. పైగా చేతులకి వాసన పట్టేసింది. ఆ చేతులతో గుమ్మం దాటడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఆకు కూడా కదలడం లేదు. మూడో అంతస్తు వంటింటి కిటికీలోంచి అగరొత్తుల వాసన, పెదనాన్న గొంతు దిగి వస్తున్నాయి. “తలుపు బార్లా తియ్యి. సారా పొయ్యి. అంత కాదు, మూడొంతులు!”

చేతిలో ఫోను వణికింది. హెన్రిక్. అచ్చుకి వెళ్ళే పేజీ ఫోటో పంపాడు. పేజీ మధ్యలో పెద్ద అక్షరాల్లో ఆమె వాక్యాలే ఉన్నాయి, చల్లగాలి, అమ్మ వచ్చిందని తెలియడం.

‘ఆ మాటలు తీసెయ్యి’ అని రాసింది.

‘అయ్యో, ప్రాణమంతా వాటిలోనే ఉంది! ఎందుకు?’

‘గాలి రాలేదు’ అని రాసి, ఫోనుని బెంచీ మీద బోర్లా పెట్టింది. అది ఇంకా రెండుసార్లు వణికి ఊరుకుంది.

చాలాసేపు అలాగే కూర్చుంది. పైన వాదులాడుకునే గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. తండ్రి దిగి వస్తున్నాడు. సూటు సూటే, కాళ్ళకి మాత్రం స్నానాలగది రబ్బరు చెప్పులు.

“అయిపోయిందా నాన్నా?”

“ఇప్పుడే అన్నంలో చెంచా నిలబెట్టి, హాలు తలుపేసి అందరం వంటింట్లోకి వచ్చేశాం. మీ అమ్మ తింటోంది.”

అది ఆనవాయితీ. పోయినవాళ్ళు మొహమాటం లేకుండా తినాలని, తొమ్మిది ముద్దలు తినేంతసేపు తలుపేసి అందరూ బయటికి వచ్చేస్తారు. తండ్రి ఆ కాస్త సమయంలో కిందికి దిగాడన్నమాట. బెంచీ మీద కూతురి పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.

“మొగుడు పెళ్ళానికి వంగకూడదట. మీ పెదనాన్న అడ్డం పడ్డాడు. వంగాననుకో. మోకాలు పట్టేసింది.”

“గాలేమన్నా వచ్చిందా నాన్నా? తలుపు తీసినప్పుడు?”

“గాలా? కొవ్వొత్తులు ఆరిపోతాయని ఫ్యాను కూడా కట్టేయించాడు మహానుభావుడు. ఉడికిపోయాం.” మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు. “అది ఇటివ్వు.”

“ఏది?”

“ఆ సంచీ.”

“నాన్నా, నీకు పడదు.”

“పడదు” అని ఒప్పుకుని, సంచీలో చెయ్యి పెట్టాడు. పండొకటి తీసి, ఇస్త్రీ ప్యాంటుకి గట్టిగా తుడిచాడు. తుడిచినకొద్దీ నూగు ప్యాంటుకీ అంటింది, అరచేతికీ అంటింది. తర్వాత రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, ముందుకు వంగి, కళ్ళు మూసుకుని కొరికాడు.

అచ్చం అలాగే తినేది అమ్మ.

“ఎవరు చెప్పారు నీకు, ఇలా తినాలని?”

“వంటింటి కిటికీలోంచి చూసేవాణ్ణిగా” అన్నాడు, నోటినిండా పండు పెట్టుకుని. “చెత్త పారేసొస్తాం అని వెళ్ళేవాళ్ళు మీరిద్దరూ. అంతసేపు పారేసే చెత్త మన ఇంట్లో ఎక్కడుందే? కిటికీ దగ్గర నిలబడి చూసేవాణ్ణి. అదేం రుచో, అలా కళ్ళు మూసుకుంటుందేమిటా అనుకునేవాణ్ణి. ఒక్కసారైనా దిగొచ్చి పక్కన కూర్చుందామనుకుంటే, దద్దుర్లు వస్తాయని మీ అమ్మ తిడుతుందాయె.”

“బాగుందా?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. “దురద” అన్నాడు.

అప్పటికే పెదవులు ఉబ్బుతున్నాయి. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి దద్దుర్లు లేచి మణికట్టు దాకా పాకుతున్నాయి. ఆయన గోక్కోలేదు. ఇంకోసారి కొరికాడు. సోన్‌హ్వా కూడా ఒక పండు తీసుకుంది. తొక్క దానంతటదే ఊడి వచ్చింది. రసం వేళ్ళ మీంచి మోచేతి దాకా కారింది. అలా కారకముందే, తన చొక్కా అంచుతో తుడిచే అమ్మ చెయ్యి ఇటు పక్కనుంచి రావాలి. ప్రతిసారీ వచ్చేది. మోచెయ్యి అలాగే పట్టుకుని ఆగింది. ఆ చెయ్యి రాలేదు. రసం బొట్లు బొట్లుగా బెంచీ మీద, ఆ ఖాళీ చోట్లో పడింది.

“అమ్మ పోయింది నాన్నా” అంది, ఆయనకి తెలియని కబురు చెబుతున్నట్టు.

“ఊఁ.”

“ఇక రాదు.”

“ఊఁ” అన్నాడు మళ్ళీ. వాచిన పెదవులతో ఆ మాట సరిగ్గా పలకలేదు.

ఆమెకి ఏడుపు రాలేదు. నొప్పి వచ్చింది. సూదిమందు మత్తు వదిలేటప్పుడు ఎలా మొదలవుతుందో అలా, ముందు ఎక్కడో తెలియకుండా, తర్వాత ఇక్కడేనని తెలిసేలా. అబ్బ, ఎంత నొప్పి! దాన్ని పోనివ్వకుండా పట్టుకున్నట్టు సోన్‌హ్వా రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా బిగించుకుని కూర్చుంది.

పైన వంటింట్లో పెదనాన్న మూడుసార్లు దగ్గాడు. తలుపు తియ్యబోయే ముందు, లోపల తింటున్నవాళ్ళకి తెలియాలని అలా దగ్గుతారు. తర్వాత కిటికీలోంచి ఆయన తల బయటికి వచ్చింది.

“ఒరేయ్ తమ్ముడూ! ఏం చేస్తున్నార్రా అక్కడ? తొమ్మిది ముద్దలూ అయిపోయాయి, తినేసింది. తలుపు తీస్తున్నా, పైకి రండి!”

తండ్రి సంచీలో వెతికి, ఉన్నవాటిలో మెత్తటి పండు తీశాడు. జేబురుమాలు మడతపెట్టి బెంచీ మధ్యలో ఆ ఖాళీ చోట్లో పరిచి, దానిమీద పండు పెట్టాడు. మెడ దాకా ఎర్రబడి, ఒక కన్ను సగం మూతపడిన మొహాన్ని కిటికీ వైపు ఎత్తాడు.

“ఆగన్నయ్యా, ఇంకా తింటోంది” అన్నాడు.